మూసే వరస

సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి ఫెర్రీ ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి దగ్గబోయి మానుకుంది. వెనక బాంబూఫ్లాట్ జెట్టీ మీద మనుషులు కనిపిస్తూనే ఉన్నారు, ముందు చాథం జెట్టీ మీద మనుషులూ కనిపిస్తూనే ఉన్నారు, మధ్యలో నలభైమంది జనం, మూడు మేకలు, నాలుగు అరటిగెలలు, వాటి సందున బల్లమీద కాళమ్మ, కాళమ్మ ఒళ్ళో గుడ్డసంచీ. "పాంచ్ మినట్," అని ఎవరూ అడక్కముందే చెప్పి ఖలాసీ ఇంజను గదిలోకి దిగిపోయాడు. నీళ్ళ మీద అయిదు నిమిషాలంటే ఎంతో కాళమ్మకి తెలుసు. పద్దెనిమిదో ఏట మొగుడు అప్పలరాముడు ఆమెని విశాపట్నంలో ఈ దీవులకి ఓడెక్కిస్తూ మూడు రోజులే అన్నాడు, ఆరు రోజులు పట్టింది, కడుపులో పేగులన్నీ బయటికి వచ్చాయి. ఏడాదిలో ఒకసారి ఇంటికి పోదాం అన్నాడు, ఆ ఏడాది ఇవాళ్టికీ రాలేదు. ఇప్పుడు చాథం అవతల హాడో రేవులో మద్రాసు జహాజు నిలబడి ఉంది, ఇక్కణ్ణించి దాని పొగగొట్టం బాగా కనిపిస్తోంది, అది నాలుగింటికి కదులుతుంది, అందులో నర్సమ్మగారు వెళ్ళిపోతోంది. కాళమ్మతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోతోంది. ఆవిణ్ణి పట్టుకోవాలి. పట్టుకుని కాళ్ళమీద పడుతుందో, చెడామడా నాలుగు తిట్టి వస్తుందో అది మటుకు కాళమ్మకే ఇంకా తెలీదు.

గంటెంతయిందని పక్కనున్న పంజాబీ ముసలాయన్ని అడిగితే చేతి గడియారం చూసి తీన్ బజ్‌కే దస్ అన్నాడు. ఇంకా యాభై నిమిషాలుంది. పన్నెండున్నర ఫెర్రీ ఎక్కి ఉంటే ఈ పాటికి జహాజు దగ్గర ఉండేది. ఎక్కలేదు, జెట్టీ దాకా వచ్చి గట్టుమీద కూర్చుంది, వెళ్తే తనే తక్కువైపోతుందని కూర్చుంది, ఫెర్రీ కదిలిపోయాక లేచింది, తర్వాతది మూడింటిదే. ఇలాంటి రోషం అమ్మకి ఉండేది, అప్పకి ఉండేది, తనకి రెండింతలొచ్చింది. అప్పలరాముడు అనేవాడు, నీ కోపం వల్ల అన్నం కుండకి నష్టమే గానీ నాకేటి నష్టం అని. ఆ మాటన్న మనిషి పోయి అయిదేళ్ళు. సర్కారీ ఆస్పత్రిలో జొరంతో పదకొండు రోజులు పడుకున్నాడు. ఆ వార్డులో అందరూ హిందీ, బెంగాలీ, మలయాళం. డాక్టరు చెప్పింది కాళమ్మకి అర్థమయ్యేది కాదు, కాళమ్మ చెప్పింది ఎవరికీ అర్థమయ్యేది కాదు, చేతులూపి చెప్పేది, నుదురు చూపించి చెప్పేది. మూడోరోజు తెల్ల చీర కట్టిన ఒక పొడుగాటి మనిషి మంచం దగ్గరికి వచ్చి, "ఏ ఊరే మీది?" అంది. అంతే. కాళమ్మ ఆ మాటకి బారువ అని జవాబు చెప్పలేక బావురుమంది, మొగుడికి ఏమవుతోందో ఏమోనన్న ఏడుపు కూడా అప్పటిదాకా రాలేదు. ఆవిడే జ్ఞానవతి, ఈ నర్సమ్మగారు. రాజమండ్రి వైపు మనిషి, ఇక్కడికొచ్చి ఇరవై నాలుగేళ్ళయిందిట, ముక్కుసూటి, పెళ్ళి పెటాకులు లేవు, డాలీగంజ్‌లో ఒక్కతే ఉంటుంది. అప్పలరాముడి కళ్ళు మూసింది కూడా ఆవిడే. మూసి, దుప్పటి సర్ది, "ఏడవ్వే, గట్టిగా ఏడువు, ఇక్కడెవరికీ నీ ఏడుపు అర్థం కాదు, సిగ్గుపడక్కర్లేదు," అంది. ఆ మాట వింటే కోపం రావాలి నిజానికి, రాలేదు.

ఫెర్రీ కొంచెం పక్కకి తిరిగింది, ఎవరూ తిప్పకుండానే. ఎండ ఒళ్ళోకి వచ్చింది. సంచీలోంచి ఎర్ర ఊలు, పసుపుపచ్చ ఊలు అల్లిన శాలువా మూల బయటికి కనిపించింది, కాళమ్మ లోపలికి తోసింది. చూడగానే ఎవరైనా ఏటది అని అడుగుతారు, అడిగితే చెప్పాలి. అడగనే అడిగింది సింహాచలమ్మ. ఎండుచేపల బుట్ట మీద కూర్చుని ఇందాకట్నించీ సంచీ వైపే చూస్తోంది, ఊళ్ళో అందరి సంచుల్లో ఏముందో తెలిస్తే గానీ ఆమెకి అన్నం సయించదు.

"ఏటే కాళమ్మా, ఈ ఎండల్లో కంబలా? ఎవులికే?"

"సలిదేశం ఎల్లీవోలికి."

"ఎవులెల్తన్నారేటి?"

"ఎవులోలే." అని కాళమ్మ మొహం నీళ్ళవైపు తిప్పేసుకుంది.

చలిదేశం. నీలగిరి కొండల్లో కూనూరు దగ్గర రిటైరైన నర్సమ్మల కోసం మిషన్ వాళ్ళు కట్టిన ఇల్లుందిట, అక్కడ పొద్దున్న నోరు తెరిస్తే పొగొస్తుందిట, నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయిట. ఎప్పుడో ఒకనాటికి అక్కడికే పోతానని నర్సమ్మగారు చెబుతుంటే కాళమ్మ నవ్వేది. పుట్టి బుద్ధెరిగి ఆమెకి చలి అంటే ఏమిటో తెలీదు. వానలో తడిసి వణకడం తెలుసు, అది చలి కాదుట. తనకి తెలియని చలి కోసం ఆరు నెలలుగా శాలువా అల్లుతోంది, సంగతి చూస్తే పిచ్చిపనే. ఎప్పుడో ఒకనాటికి అంటే ఈ మంగళవారమేనని ఎవరనుకున్నారు. నిన్న చేపలబుట్టతో డాలీగంజ్ వెళ్తే ఏలీయాగారి భార్య దయావతమ్మ కొడువ చేప బేరమాడుతూ మధ్యలో అంది, అయ్యో నీకు చెప్పలేదా, నర్సమ్మగారు రేపు జహాజులో పోతున్నారుగా, ఇవాళ చర్చిలో వీడ్కోలు ప్రార్థన, అందరం అక్కడికే వెళ్తున్నాం అని. అందరం. ఆ అందరిలో చేపలకాళమ్మ ఎందుకుంటుంది. బుట్ట నెత్తికెత్తుకుని నర్సమ్మగారింటికి వెళ్తే తాళం. కిటికీలోంచి చూస్తే గోడకి క్యాలెండరు లేదు, మేకు ఉంది. తాడు కట్టిన ట్రంకు పెట్టె. చాప చుట్టి గోడకి నిలబెట్టి ఉంది, ఆ చాప మీదే కదా కాళమ్మ కూర్చునేది. ఆ చాపని చూశాక నిలబడబుద్ధి కాలేదు. మిగిలిన కొడువ చేపలు ఎవరికమ్మిందో ఎలా ఇంటికొచ్చిందో జ్ఞాపకం లేదు.

ఏరు దాటి తెప్ప తగలేసే రకం. అదే నిన్నట్నించీ నోట్లో తిరుగుతున్న మాట. మొన్న శుక్రవారం, సరిగ్గా నాలుగు రోజుల క్రితం, ఆ చాప మీద కూర్చుని టీ తాగుతూ, "మూసే వరస వచ్చే మంగళవారం చెప్తాలే కాళీ, తొందరేం," అంది. వచ్చే మంగళవారం అంటే ఇవాళే. టిక్కెట్టు అప్పటికే చేతిలో ఉండి ఉంటుంది. బైబిలు పుస్తకంలో పెట్టి ఉంటుంది, కాగితాలన్నీ అందులోనే పెడుతుంది. నోటితో మంగళవారం అంటూ మనసులో జహాజు చూసుకుంటూ ఉంది. ఎంత ధైర్యం! కాళమ్మ పళ్ళు కొరికింది, మేక ఒకటి ఆమె కొంగు కొరుకుతోంది, దాని మూతి మీద ఒక్కటిచ్చింది.

అల్లిక మొదలైన రోజు మాత్రం ఆవిడ మాట తిరుగుడు లేకుండా చెప్పింది. చేపలు తీసుకుని డబ్బులకి లోపలికి వెళ్ళొచ్చేలోపల వరండాలో బల్లమీద ఒక గుడ్డ కనిపించింది, ఎరుపూ పసుపూ గళ్ళు, గళ్ళు ఏటవాలుగా, ఒకటి ఇటు వాలితే దాని మీదది అటు వాలుతోంది, అచ్చం తాటాకు పాయలు కిందా మీదా వేసి అల్లిన బుట్టలా ఉంది. కాళమ్మ చెయ్యి తుడుచుకుని ముట్టుకుంది. పాయలెక్కడా లేవు. కింద నుంచి పైకి దూరింది ఏదీ లేదు. అంతా ఒకటే గుడ్డ. వలలు అల్లిన చెయ్యి ఆమెది, ఏడో ఏటనుంచి అల్లింది, ఏ అల్లికైనా వేలితో తడిమితే దారి తెలిసిపోతుంది, దీని దారి తెలియలేదు. నర్సమ్మగారు వచ్చి చూసి, దీన్నేదో ఆంత్రెలాక్ అంటారు, నర్సు చదివేటప్పుడు మా మిషన్ ఆస్పత్రిలో ఒక దొరసాని సిస్టరు నేర్పింది, మా పిల్లలం బుట్టల్లిక అనేవాళ్ళం, నేర్చుకుంటావా అంది. నాకెందుకమ్మగోరూ, ఉన్నిబట్ట ఎవులు కడతారిక్కడ అంది కాళమ్మ. "ఎవరు కడతారని కాదే. మంగళవారం, శుక్రవారం చేపలు తెస్తావు కదా, ఒక గంట కూర్చో. నాకు తోచదు." నాకు తోచదు. అంత పెద్ద నర్సమ్మ, అందరూ వరండాలోకొచ్చి నమస్తే సిస్టర్ అనే మనిషి, చేపలామెతో నాకు తోచదు అంది. ఆ మాట కోసమే కాళమ్మ కూర్చుంది, ఊలు కోసం కాదు.

తనకి మాత్రం తోచుతోందా ఏమిటి. బాంబూఫ్లాట్‌లో మరిది లక్ష్ముడి ఇంట్లో ఒక పక్క గది. మరిది మంచివాడే, తోడికోడలూ మంచిదే, ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ పిల్లలకి తెలుగు రాదు. వస్తుంది, విన్నది అర్థమవుతుంది, జవాబు హిందీలో చెబుతారు. తోడికోడలు పుట్టింది ఇక్కడే, ఆమెకి హిందీ నోట్లో తిరిగినట్టు తెలుగు తిరగదు. పొద్దున్న లేచిన దగ్గర్నించీ దీదీ, మచ్ఛీ కైసా దియా, తాజా హై క్యా, అదే. వల బాగుచేసే పని కూడా పోయింది, నైలాను వలలొచ్చాయి, చిరిగితే మొగాళ్ళే కూర్చుని కట్టేసుకుంటున్నారు. బారువలో వల అల్లడమంటే ఒక వరసలో ఎనిమిదిమంది ఆడాళ్ళు కూర్చుని, కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని, ఊళ్ళో ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ చాకిరేవు పెట్టేవారు. వల ఎప్పుడయిందో ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కతే కూర్చుని అల్లడం కాళమ్మకి చేతకాదు, అందుకే కాబోలు ఊలు ఇంటికి తీసుకెళ్ళినా సంచీలోనే ఉండిపోయేది, డాలీగంజ్ చాప మీద కూర్చుంటే గానీ చెయ్యి కదిలేది కాదు.

"భయ్యా, ఔర్ కిత్‌నా?" అని ఎవరో అరిచారు. "పాంచ్ మినట్!" అని ఇంజను గదిలోంచి జవాబొచ్చింది. జనం నవ్వారు. కాళమ్మకి నవ్వు రాలేదు. జహాజు పొగగొట్టంలోంచి ఇందాక లేని పొగ సన్నగా లేస్తోంది.

నేర్చుకోవడమా అది! మొదటి మూడు వారాలు నర్సమ్మగారు నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఊలుని సూదిమీద చుట్టడం రాగానే కాళమ్మ చెయ్యి దాని పని అది చేసేసింది, ప్రతి కుట్టుకీ ఒక ముడి. వలకి కన్ను జారకూడదు, జారితే చేప పోతుంది, అందుకని కంటికో ముడి బిగించాలి. ఆమె చేతికి వేరే దారి తెలీదు. ఎనిమిది కుట్లు వేసి చూపిస్తే నర్సమ్మగారు లాగి చూసింది, పీకి చూసింది, పళ్ళతో కొరికి చూసింది, ఊడి రాలేదు. "ఒసే, ఇందులో సొరచేపని పట్టినా తెగదు. చలికి కప్పుకునేదే ఇది! వదులుగా ఉండాలి, కుట్టు పక్క కుట్టులోకి జారాలి." జారితే ఏటి లాభం, ఊడిపోదా అని కాళమ్మ పోట్లాట. ఒకటి పట్టుకున్నంతసేపూ రెండోది ఊడదు అని ఆవిడ. సీదా, ఉల్టా, సీదా, ఉల్టా, ఆ రెండు మాటలు హిందీలోనే చెప్పేది ఎందుకో. వేళ్ళు ముడి మర్చిపోవడానికి నెల పట్టింది. ఆ తర్వాత గళ్ళు. ముందు అడుగున త్రికోణాలు ఒక వరస. తర్వాత ఆ త్రికోణం పక్క అంచునుంచి ఎనిమిది కుట్లు ఎత్తుకుని కొత్త గడి మొదలుపెట్టాలి, ఆ గడి అల్లుతున్నకొద్దీ ప్రతి రెండో వరస చివరా పక్కదాని కుట్టొకటి తనలో కలుపుకోవాలి, పక్కదాని ఎనిమిదీ కలిసిపోయేసరికి గడి పూర్తవుతుంది. పక్కది లేకుండా ఏ గడీ మొదలవదు, ఏ గడీ పూర్తికాదు. ఎన్ని వరసలైనా అల్లుకుంటూ పోవచ్చు. పూర్తిచెయ్యాలంటే మటుకు పైన మళ్ళీ త్రికోణాలు వెయ్యాలి, కుట్లు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఒక్కటి మిగిలేదాకా రావాలి, అప్పుడు పై అంచు తిన్నగా వస్తుంది. అదే మూసే వరస.

శాలువాకి కావలసిన పొడుగు రెండు నెలల కిందటే వచ్చేసింది. ఇంక మూసే వరస చెప్పండి అంటే నర్సమ్మగారు ఇంకో వరస గళ్ళు వెయ్యి అంది. వేసింది. ఇంకోటి వెయ్యి, నేను పొడుగు మనిషిని అంది. వేసింది. ఇంకోటి అంది. కాళమ్మ సరేనంది, ఆవిడ పొడుగే మరి. కానీ ఆ రోజు ఇంటికి వెళ్ళాక పిల్లలు బడికి పోయినవేళ చూసి సంచీలోంచి తీసింది, ఊరికే చూద్దామని. కింద త్రికోణాలు కుట్లు పెంచుకుంటూ కదా పుట్టాయి, పైవి తగ్గించుకుంటూ చావాలి, ఇందులో చెప్పేదేముంది? ఒకటి వేసింది. తిన్నగా వచ్చింది. రెండోది వేసింది. ఎనిమిది త్రికోణాలూ వేసేసి, శాలువా పరిచి చూసుకుంటే నాలుగు పక్కలా కోసినట్టుంది. కాళమ్మ దాని ముందు కూర్చుని సంతోషపడింది, తనంతట తను కనిపెట్టానని. ఆ సంతోషం పొయ్యి మీద కూర దించేంత సేపుంది. అయిపోయింది కదా మరి. శుక్రవారం తీసుకెళ్ళి చూపిస్తుంది, ఆవిడ శెభాష్ అంటుంది, శాలువా మడిచి ట్రంకులో పెడుతుంది, అప్పుడు చేపలిచ్చి డబ్బులు తీసుకుని వచ్చెయ్యడమే. చాప ఎందుకు పరుస్తుంది. ఒకావిడ నర్సు, ఒకావిడ చేపలమ్మి, మధ్యలో శాలువా లేకపోతే ఇద్దరూ ఒక గంట కూర్చోడానికి ఏమని కూర్చుంటారు. కొస పట్టుకుని లాగింది. ఎనిమిది త్రికోణాలూ ఒకదాని వెంట ఒకటి చకచకా ఊడిపోయాయి. ఊలు చుట్టచుట్టి, కుట్లు మళ్ళీ సూదికెక్కించి, శుక్రవారం ఏమీ ఎరగని దానిలా వెళ్ళి, "మూసీడం మీరు సెప్పనేదు గదమ్మగోరూ," అంది. నర్సమ్మగారు శాలువా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూసి, "చెప్తాలే," అంది.

నెలరోజులు. వారానికి రెండుసార్లు. ప్రతిసారీ అదే అబద్ధం, ప్రతిసారీ చెప్తాలే. అయితే ఎవరు ఎవరికి చెప్పనట్టు? ఎండలో కూర్చుని ఇప్పుడు, మేక మూతిని రెండోసారి తోసేస్తూ, కాళమ్మ ఆ లెక్క దగ్గర ఆగిపోయింది. నిన్నట్నించీ ఆవిడ మోసాన్నే తలుచుకుంటోంది, తన మోసం తనకి మోసంలా కనబళ్ళేదు. ఒకరిది పోగొట్టుకోలేక ఆడిన అబద్ధం, మరి రెండోవాళ్ళది? వెళ్ళిపోతున్నానని ఎదుటి మనిషి మొహం మీద చెప్పడం చేతకాని వాళ్ళుంటారు. తనూ బారువ విడిచి వచ్చేరోజు పిన్నమ్మ గుమ్మం దాకా వెళ్ళి, లోపల ఆవిడ గొంతు విని, పిలవకుండా వచ్చేసింది. పిన్నమ్మ ఎంత తిట్టుకుందో. ఏమో, అలా కాకపోతే? నిజంగానే మర్చిపోయి ఉంటే? ట్రంకు సర్దుకోవాలి, టిక్కెట్టు తెచ్చుకోవాలి, చర్చి వాళ్ళతో కాఫీలు తాగాలి, వాటిలో చేపలకాళమ్మ ఎక్కడో జారిపోయి ఉంటే? ఈ రెండింట్లో ఏదో తెలియకుండా రేపట్నించి ఆ వీధిలోకి బుట్టెత్తుకుని ఎలా వెళ్ళడం. తాళం వేసిన ఆ ఇంటి ముందునుంచి మచ్ఛీ అని అరుచుకుంటూ ఎలా నడవడం. తెలియాలి. శాలువా ఇవ్వడం కాదు, తిట్టడం కాదు, అది తెలియాలి. అంతకంటే ముందు తన అబద్ధం చెప్పెయ్యాలి. అది చెప్పకుండా ఆవిణ్ణి అడిగే మొహం తనకి లేదు.

ఇంజను దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గింది, ఈసారి ఆగలేదు. జనం చప్పట్లు కొట్టారు, మేకలు బెదిరాయి. చాథం జెట్టీకి తాడు పడేసరికి మూడూ నలభై అయిదు. కాళమ్మ తాడు కట్టేదాకా ఆగలేదు, సందుమీంచి దూకింది. వెనక సింహాచలమ్మ ఓలమ్మో అని అరవడం వినిపించింది. సామిల్లు పక్కనుంచి, రంపపు పొట్టు వాసనలోంచి, వంతెన మీంచి హాడో వైపు పరిగెత్తింది. నలభై మూడేళ్ళ మనిషి పరిగెత్తుతుంటే దుంగలు మోస్తున్న కూలీలు దారిచ్చి చూశారు. చెప్పు ఒకటి తెగింది, వదిలేసింది. రెండోది కూడా వదిలేసింది. పరిగెడుతూ వరసలు కట్టుకుంటోంది, ముందిది చెప్పాలి, తర్వాతది అడగాలి, ముందిది, తర్వాతది. రేవు గేటు దగ్గర కాన్‌స్టేబులు అడ్డంగా చెయ్యి పెట్టాడు. పాస్ అన్నాడు. ఆయనకి శనివారాలు రొయ్యలమ్మేది కాళమ్మ. ఆమె మొహం చూసి చెయ్యి తీసేశాడు.

నిచ్చెన లాగేశారు. జహాజుకీ గట్టుకీ మధ్య ఇంకా తాళ్ళున్నాయి. పైన కమ్మీ పొడుగునా జనం, కింద చర్చి వాళ్ళు తెల్లబట్టల్లో ఒక పక్కకి చేరి చేతులూపుతున్నారు, వాళ్ళకి దూరంగా కాళమ్మ నిలబడింది, ఊపిరి అందడంలేదు, ఎవరు ఎవరో తెలియడంలేదు. పైనుంచే పిలుపొచ్చింది.

"కాళీ! ఒసే కాళీ! ఇటు!"

నర్సమ్మగారు జనాన్ని తోసుకుంటూ కమ్మీ చివరికి వచ్చింది. తెల్లచీర కాదు, నీలంచీర కట్టింది, అందుకే ఆనవాలు తెలియలేదు. మొహం చిన్నదైపోయింది. కాళమ్మకి కట్టుకున్న వరసలన్నీ పోయాయి. చర్చి వాళ్ళు తలలు తిప్పి చూస్తున్నా లెక్కచెయ్యకుండా, చేపలమ్మే గొంతంతా పెట్టి అరిచింది.

"అమ్మగోరూ! మూసీడం నాకు వొచ్చు! నెల్లాళ్ళయి వొచ్చు! యేసీసి ఇప్పీసినాను! మీకాడ అబద్దం ఆడీసినాను!"

"తెలుసే!"

కాళమ్మ సరిగ్గా వినలేదనుకుంది. నర్సమ్మగారు కమ్మీ మీదికి వంగి రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుంది.

"తెలుసే పిచ్చిదానా! విప్పిన ఊలు వంకీలు పోతుంది, తిన్నగా ఉండదు! చూడగానే తెలిసిపోయింది! మొదటిరోజే!"

కాళమ్మ సంచీలో చెయ్యి పెట్టి ఊలు కొస బయటికి లాగింది. నిజమే. వేసి విప్పినంత మేరా, బారలకొద్దీ, ఉంగరాలు ఉంగరాలుగా వంకీలు తిరిగి ఉంది. నెలరోజులుగా రోజూ చూస్తున్నదే. ఆమె తలెత్తి, మరెందుకు చెప్పలేదమ్మగోరూ, ఎందుకు చెప్పలేదు అని అరిచింది. అది ఏ చెప్పకపోవడం గురించో ఆమెకే తెలీదు, రెండింటి గురించీ కాబోలు. నర్సమ్మగారు ఏదో అంది. పెద్ద మాటే అంది, నోరు చాలాసేపు కదిలింది, ఒకసారి చెయ్యి గుండె మీద పెట్టుకుంది, ఒకసారి ఆ చేత్తోనే కళ్ళజోడు తీసింది. అప్పుడే జహాజు కూత మొదలుపెట్టి ఆ మాట మొదటినుంచి చివరిదాకా మింగేసింది. తాళ్ళు నీళ్ళలో పడ్డాయి. గట్టుకీ జహాజుకీ మధ్య నీళ్ళు ముందు జానెడు, తర్వాత బారెడు, తర్వాత ఈదలేనంత అయ్యాయి. శాలువా విసరాలని కూడా అప్పుడు కాళమ్మకి తోచలేదు, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నీలంచీర చిన్నదై, మిగతా చీరల్లో కలిసిపోయింది.

చర్చి వాళ్ళు ఒక పాట పాడి, కళ్ళు తుడుచుకుని, జీపుల్లో వెళ్ళిపోయారు. దయావతమ్మ వెళ్తూ వెళ్తూ శుక్రవారం చేపలు తేవడం మర్చిపోకు అంది. గట్టు ఖాళీ అయింది. గేటు దగ్గర్నించి కాన్‌స్టేబులు నడుచుకుంటూ వచ్చి, కొంచెం దూరంలో ఆగి, మెల్లిగా అన్నాడు.

"దీదీ, చలో. గేట్ బంద్ కర్‌నా హై."

కాళమ్మ అతని వైపు తిరిగింది. చేపలమ్మడానికి సరిపోయే హిందీ ఆమెకి ఉంది, దీనికి సరిపోయేది లేదు.

"ఆయమ్మకి తెల్సంట, బాబూ," అంది. "మొదటిరోజే తెల్సంట. తెల్సుండీ సెప్తాలే, సెప్తాలే అన్నాది."

"క్యా?" అన్నాడు అతను.

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదని ఆమెకి తెలుసు. అయినా ఆ వంకీల ఊలు అతని చేతిలో పెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.